మూడో పిలుపు

మా దాదికి కళ్లు మసకబారిన ఏడాదే తండాలో నా ఫోనుకు గిరాకీ పెరిగింది. దాది అంటే మా నాయనమ్మ, పేరు కమ్లి. టేకులపల్లి మండలంలో మా తండా దాటగానే టేకు ప్లాంటేషను, అది దాటితే అసలు అడవి. ఆ అడవిలో ఏది తినొచ్చో ఏది తినకూడదో తేల్చుకోవాలంటే అందరూ మా వాకిట్లోకే వచ్చేవాళ్లు. దాది ముట్టుకుని, తుంచి, వాసన చూసి తీర్పు చెప్పేది. ఆమె ఎడమకంటికి పొర కమ్మి, కుడికన్ను కూడా అదే దారి పట్టాక, జనం మెల్లగా నా వైపు తిరిగారు. "సరళా, జెర సెల్లుల చూడవే" అనడం మొదలుపెట్టారు. నాకేమో కాళ్లు నేల మీద ఆనేవి కావు. డిగ్రీ ఫైనలియరు, అందులోనూ బాటనీ, పైగా కాలేజీ వాళ్లిచ్చిన ప్రాజెక్టు కూడా చేతిలో ఉంది.

కంటి ఆపరేషనుకు ఖమ్మం తీసుకుపోతానని బాపు ఎప్పటినుంచో అంటున్నాడు. దాది ఒప్పుకోదు. "నాకు మంచిగనే అవుపడుతున్నది, మీకే తొందర" అంటుంది. అంటూనే నీళ్లగ్లాసు అనుకుని ఉప్పు డబ్బా అందుకుంటుంది. ఇంట్లో మేం మాట్లాడుకునేది లంబాడీయే, అమ్మను యాడి అంటాం. ఉన్నదున్నట్టు రాస్తే చదివేవాళ్లు సగంలో లేచిపోతారని తెలుగులో పెడుతున్నాను. దాది తిట్లు మాత్రం తెలుగులోకి రావు, వదిలేస్తున్నాను.

ప్రాజెక్టు పేరు 'మన అడవి పుట్టగొడుగులు'. ఇచ్చింది నాగలత మేడం. ఆమెది మధిర వైపు. మాట మెత్తగా ఉంటుంది, మార్కులు మాత్రం మెత్తగా పడవు. మొదటి రోజు కంప్యూటరు ల్యాబులో నా పక్కన నిలబడి, నేను వెతికే తీరు కాసేపు చూసింది. నేను 'భద్రాచలం అడవిలో దొరికే పుట్టగొడుగులు తినవచ్చా' అని టైపు చేశాను. వంటల వీడియోలు, బరువు తగ్గే చిట్కాలు, ఒక పెళ్లిసంబంధాల ప్రకటన వచ్చాయి.

"చుట్టాన్ని అడిగినట్టు అడుగుతున్నావేంటమ్మా? అవతల ఉన్నది మనిషి కాదు" అంది మేడం. "నువ్వు ఏం అడగాలనుకుంటున్నావో అది కాదు, జవాబు తెలిసినవాడు ఏ మాటలతో రాసుంటాడో ఆ మాటలు వెయ్యి. తేదీ చూడు. బొమ్మ ఉంటే ఆ బొమ్మ ముందు ఎక్కడ పుట్టిందో చూడు. ఒక్కచోట కనిపిస్తే నమ్మకు. మూడుచోట్ల చూడు. మూడు పేజీలు అనట్లేదు నేను, ముగ్గురు మనుషులు."

మూడుచోట్ల చూడాలి అన్నంతవరకే నా చెవికెక్కింది. ఎందుకంటే ఆ మూడు లెక్క నాకు కొత్తది కాదు.

చిన్నప్పుడు ఇప్పపువ్వు ఏరడానికి దాది కొంగు పట్టుకుని పోయేదాన్ని. అడవిలో అడుగు పెట్టేముందు ఆమె ప్రతిసారీ ఒకే పాఠం చెప్పేది. "ఎవరన్న పేరు వెట్టి పిలిస్తే ఒక్క పిలుపుకు పలకొద్దు బేటీ. రెండో పిలుపుకు గూడ పలకొద్దు. మూడోది ఇనవడ్డంకనే ఓ అనాలె. అడవిల తిరిగేది మన మనుషుల గొంతుతోనే పిలుస్తది. మీ యాడి గొంతు, మీ బాపు గొంతు, నా గొంతు. గని మూడోసారి పిలుసుడు దానితోని కాదు."

"ఎందుకు కాదు?"

"దానికి ఊపిరి సాలదు."

ఆ మాట అడిగిన రోజు నుంచి నాకు ఒంటరిగా అడవివైపు పోవాలంటే వణుకే. హాస్టల్లో చేరాక కూడా వెనకనుంచి ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే వెంటనే పలికేదాన్ని కాదు. నాకు చెవుడని పేరు పెట్టారు.

ఆ ఏడు వానలు వదలకుండా పట్టుకున్నాయి. కాలేజీకి సెలవులిస్తే ఇంటికొచ్చాను. వాగు దారి మునిగింది, సంతకు పోయే వీల్లేదు, పత్తిచేలో కలుపు మనల్ని దాటి పెరుగుతోంది. ఇంట్లో కందిపప్పు కూడా అడుగుకు చేరింది. అలాంటి ముసురు రోజున బాపు చేను చూసిరావడానికి పోయి, తువ్వాలు మూటతో తిరిగొచ్చాడు. మా బాపు పేరు జైరాం. మామూలుగా మాటకు ముందు విసుక్కునే మనిషి, ఆ రోజు నవ్వుతూ వచ్చాడు.

మూట విప్పితే తెల్లటి పుట్టగొడుగులు. ఒక్కోటి అరచేయంత ఉంది. మట్టి అంటకుండా కొడవలితో మొదళ్లు కోసి తెచ్చాడు.

"యాడీ, చూడు" అని దాది ఒళ్లో పెట్టాడు. దాది ఒకటి తీసుకుంది. వేళ్లతో పైనంతా తడిమింది, ముక్కు దగ్గర పెట్టుకుంది. ఎప్పుడూ చిటికెలో చెప్పే మనిషి ఆ రోజు చాలాసేపు తిప్పుతూనే ఉంది. నేను ఆమె మొహమే చూస్తున్నాను. ఆమెకు తెలియడం లేదు. తెలియడం లేదని చెప్పడానికి నోరు రావడం లేదు.

"మంచియే" అంది చివరికి. "వాసన గూడ గదే."

"సెల్లుల గూడ చూడు బిడ్డా, నీ ప్రాజెక్టుకు గూడ అయితది" అన్నాడు బాపు నాతో. తల్లి మాట మీద అనుమానం పడ్డట్టు కనిపించకూడదని ప్రాజెక్టు అడ్డం పెట్టాడు. నేను దాదిని ఒకటి పైకెత్తి పట్టుకోమని ఫొటో తీశాను. మోచేతి దాకా తెల్లగాజులు, వాటికి పైన ముడతలు పడ్డ వేళ్లు, వేళ్ల మధ్య ఆ పుట్టగొడుగు. ఫొటో బాగా వచ్చిందని నాకు నేనే మెచ్చుకున్నాను.

"జల్దీ రా. నేను ఉల్లిగడ్డ కోస్త. సగం లాల్‌సింగ్ కాక ఇంటికి పంపాలె, వాళ్ల పొయ్యి గూడ పొద్దటినుంచి ముట్టియ్యలే" అంది యాడి.

మా ఇంట్లో సిగ్నలు రాదు. టేకు ప్లాంటేషను మధ్యలోంచి పోతే తారు రోడ్డు వస్తుంది, అక్కడ కల్వర్టు దిమ్మె మీద నిలబడితే వస్తుంది. గొడుగు పట్టుకుని పోయాను. పొద్దు ఇంకా ఉంది గానీ మబ్బుకు వెలుతురు సగమే మిగిలింది. టేకాకుల మీద వాన పడుతుంటే చుట్టూ ఎవరో నడుస్తున్నట్టే ఉంటుంది. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. చిన్నప్పటినుంచీ వింటున్న చప్పుడే, అయినా తిరిగి చూడకుండా ఉండలేను.

దిమ్మె ఎక్కి దాది పట్టుకున్న పుట్టగొడుగు ఫొటో పెట్టి వెతికాను. దానికి దగ్గరగా ఉన్న బొమ్మలు వచ్చాయి. ఒకటి వంటల పేజీ: 'తెలంగాణ అడవి పుట్టగొడుగుల ఇగురు'. ఇంకొకటి ఆరోగ్యం పేజీ: 'అడవి బిడ్డల బలం దీనిలోనే'. మూడోది ఏదో పర్యాటకం పేజీ, అందులో 'స్థానికులు ఎంతో ఇష్టంగా తింటారు' అని రాసి ఉంది. మూడింటిలోనూ అలాంటివే తెల్లటి పుట్టగొడుగులు. మేడం చెప్పిన లెక్క సరిపోయింది. దాది మంచివే అంది, ఫోనూ మంచివే అంటోంది. ఆకలి దంచుతోంది. ఫోను జేబులో పెట్టుకుని దిమ్మె దిగబోయాను.

"సరళా."

టేకు చెట్లలోంచి వచ్చింది. యాడి గొంతు. విసుగూ లేదు, తొందరా లేదు. పక్కగదిలోంచి పిలిచినంత మామూలుగా ఉంది.

నేను పలకలేదు. కాలు అట్లాగే ఆగిపోయింది.

"సరళా."

అదే చోటునుంచి, అదే గొంతు. ఈసారి కొంచెం సన్నగా వినిపించింది. చెట్ల మధ్య చూశాను. యాడి చీర రంగేదీ కనిపించలేదు. వానలో తడిసిన బోదెలు తప్ప అక్కడ ఏమీ లేవు. యాడే అయితే మూడోసారి పిలుస్తుంది, ఆమెకు తెలుసు మా ఇంటి సంగతి. మూడో పిలుపు కోసం నిలబడ్డాను. భయానికి ఏదో ఒకటి చేయాలి కాబట్టి ఫోను తీసి, ఆ మూడు పేజీల బొమ్మలే మళ్లీ చూడసాగాను.

అప్పుడు కనిపించింది కంచం.

వంటల పేజీలో పుట్టగొడుగుల కింద ఒక స్టీలు కంచం అంచు ఉంది. ఆ అంచు మీద చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించి ఉంది. మన ఇళ్లల్లో గిన్నెల మీద పేర్లు కొట్టిస్తారే, అట్లా. బొమ్మను కత్తిరించడంతో మొదటి అక్షరమే మిగిలింది. ఆరోగ్యం పేజీ తెరిచాను. అక్కడా కంచం అంచే, చివరి అక్షరం ఉంది. పర్యాటకం పేజీలో బొమ్మ పెద్దది, పేరు పూర్తిగా ఉంది. హైమ.

ముగ్గురు కాదు. ఒక్క ఇంట్లో, ఒక్క కంచంలో, ఒకసారి తీసిన ఒక్క ఫొటో. దాన్నే తలా కొంత కత్తిరించి పెట్టుకున్నారు.

మూడో పిలుపు ఇంకా రాలేదు. ఆ బొమ్మ ముందు ఎక్కడ పుట్టిందో వెతికాను. సిగ్నలు ఒక గీత వస్తోంది, పోతోంది. అన్నిటికంటే పాత తేదీతో ఒక పేజీ తెరుచుకుంది. రమణ అనే ఆయనది, జూలూరుపాడు వైపు ఊరు. ట్రాక్టరు, పత్తిచేను, కొత్తగా ఈనిన గేదె, రోజూ ఏదో ఒకటి పెట్టే మనిషి. ఆఖరున ఈ ఫొటో ఉంది. పైన రాసుకున్నాడు: 'ఇయ్యాల మా హైమ తెచ్చింది. రాత్రికి ఇదే కూర. ఎవరొస్తరో రాండ్రి.'

ఆ తర్వాత ఆయన ఏమీ పెట్టలేదు. ఆ ఫొటో ముందటేడు వానాకాలంలోది.

కింద జనం మాటలు ఉన్నాయి. 'మాకు పంపవా బావా.' 'వస్తున్నం, కల్లు తెస్తున్నం.' 'రుచి ఎట్లున్నది అన్నా?' 'అన్నా?' 'ఫోన్ ఎత్తుతలేవేంది?' ఆపైన అన్నీ దండాల బొమ్మలే, కిందికి జరుపుతున్నకొద్దీ వస్తూనే ఉన్నాయి.

దండాలు ఎందుకో అప్పుడే అర్థమైంది. అయినా మనసు ఒప్పుకోలేదు. జవాబు రాసినవాడి మాటలు వెయ్యమంది మేడం. పేపరు విలేకరి అయితే ఎట్లా రాస్తాడు? మా తండాలో పానం బాగలేదంటాం. పేపరువాడు అట్లా అనడు. 'పుట్టగొడుగుల కూర, అస్వస్థత, దంపతులు, జూలూరుపాడు' అని వేశాను. జిల్లా పేజీలో చిన్న ముక్క వచ్చింది. రమణ, భార్య హైమ, దవాఖానాలో చికిత్స పొందుతూ ఒకరి తర్వాత ఒకరు. అంతవరకే చదివాను.

ఇంటికి ఫోను చేద్దామంటే అక్కడ సిగ్నలు లేదు. గొడుగు కల్వర్టు మీదే పడేసి పరుగెత్తాను.

ఇందాక పిలుపు వచ్చిన చోటు మీదుగానే దారి. తల తిప్పకుండా పరుగెత్తాను. వెనక వాన చప్పుడు నాతోపాటే వచ్చింది. తండా అంచుకు చేరేసరికి ఉల్లిగడ్డ వేగిన వాసన తగిలింది. మా వాకిట్లో పందిరి కింద పొయ్యి, పైన బల్బు. యాడి లోపల ఉన్నట్టుంది, బాపు కనిపించలేదు. దాది పొయ్యి పక్కన పీట మీద కూర్చుంది. మా ఇంట్లో కూరకు ఉప్పు చూసేది ఎప్పుడూ దాదే. గరిటెతో ఒక ముక్క తీసుకుని, వేళ్లతో పట్టుకుని, ఉఫ్ ఉఫ్ మని ఊదుకుంటోంది.

"దాదీ!"

ఆమె ఊదడం ఆపలేదు. తల కూడా ఎత్తలేదు. మసక వెలుతురు, అడవి వైపునుంచి పిలుపు, చూపు ఆనని కళ్లు. ఆమె నేర్పిన పాఠమే కదా, ఆమె ఎందుకు పలుకుతుంది?

"దాదీ!"

ముక్క పెదవుల దాకా పోయింది. నాకు మూడోదానికి ఊపిరి లేదు. డొక్కలో పోటు, నోట్లోంచి గాలి తప్ప మాట రావడం లేదు. ఆ క్షణం పడ్డ భయం నా జన్మలో ఇంకెప్పుడూ పడలేదు. కంచె గుంజ పట్టుకుని, కళ్లు మూసుకుని, ఉన్నదంతా కూడదీసుకున్నాను.

"దా... దీ!"

"ఓ" అంది దాది. ముక్క దించింది. "ఏందే, గట్ల అరుస్తున్నవ్? నేను ఈడనే ఉన్న కదా."

నేను మాట్లాడకుండా పోయి ఆమె వేళ్లలోని ముక్క లాక్కున్నాను. చున్నీతో గిన్నె పట్టుకుని, పెరట్లో బూడిదగుంటలో కుమ్మరించాను. కోళ్లు ఉరికొస్తే వాటినీ తరిమాను. బాపు లోపల్నుంచి వచ్చి గిన్నె చూసి, గుంట చూసి, నన్ను చూశాడు.

"నీకు పిచ్చిగిట్ల లేసిందా? మీ దాది మంచియే అన్నది. సెల్లు గూడ మంచియే అన్నదా లేదా?"

"అన్నది బాపూ."

"మరి?"

"మూడు పేజీలు అన్నయ్. మూడిట్ల ఫొటో ఒక్కటే. ఆ ఫొటో తీసినాయన అది వండుకొని తిని సచ్చిపోయిండు. ఆయన భార్య గూడ. ఆ సంగతి ఎరుక లేనోళ్లు ఫొటో తీసుకపోయి మంచిగుంటదని రాసుకున్నరు."

దాది తన వేళ్లను చీర కొంగుకు తుడుచుకుంటోంది. తుడిచినచోటే మళ్లీ మళ్లీ తుడుస్తోంది.

"అంటె సచ్చినోని గొంతే కదనే మూడుసార్లు పిలిచింది" అంది.

లాల్‌సింగ్ కాక ఇంటికి ఇంకా పంపలేదు కదా అని అడిగాను. లేదంది యాడి. కూర దిగాక పంపుదామనుకుందట. కల్వర్టు దగ్గరికి వచ్చి నన్ను పిలిచావా అని కూడా అడిగాను. "వానల నేనెందుకొస్త? పొయ్యి ఇడిసిపెట్టి కదలనే లే" అంది యాడి.

దాది మాత్రం ఆ గొంతు ఎట్లా ఉందో, ఎన్నిసార్లు వినిపించిందో అడిగి అడిగి చెప్పించుకుంది. చాలాసేపటి తర్వాత, "అది నిన్ను పిలువలే బేటీ, నిలబెట్టింది" అంది. "ఆడమనిషి గొంతే అన్నవ్ కదా." నేను ఇంకేమీ అడగలేదు. అడిగితే పేరు చెబుతుందేమోనని భయం.

తెల్లారి బాపు గడ్డపార తీసుకుని పోయాడు. నేనూ వెంట పోయాను. ఆయన కొడవలితో కోసిన చోట మొదళ్లు మట్టిలోనే ఉన్నాయి. మేం తినేవి చెదలపుట్టలోంచి పుడతాయి, వేరులాంటి కాడ పుట్ట లోపలికి దిగి ఉంటుంది. అక్కడ పుట్టే లేదు. తవ్వితే మొదలు చుట్టూ పగిలిన కోడిగుడ్డు పెంకులా తెల్లటి సంచి బయటపడింది. ఫొటో తీసి, రోడ్డెక్కి మేడంకు పంపాను. వెంటనే ఫోను చేసింది. "ఎవరైనా తిన్నారా?" అన్నది మొదటి మాట. లేదన్నాను. "ఆ సంచి ఉన్నది ముట్టుకున్నా చేతులు కడుక్కోండమ్మా" అని పెట్టేసింది.

బాపు ఆ మొదళ్లన్నీ ఏరి కాల్చాడు. ఇంటికొచ్చి దాది ముందు కూర్చున్నాడు. ఆమే అంది.

"నాకు అవుపడలే జైరాం. అవుపడలేదని చెప్పనీకి సిగ్గయింది."

మా దాది నోట అట్లాంటి మాట వస్తుందని మేమెవరం అనుకోలేదు. యాడి కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది. వాగు తగ్గగానే బాపు ఎవరినీ అడగకుండా ఖమ్మం పోవడానికి ఆటో మాట్లాడాడు. దాది ఎవరూ బతిమాలకుండానే ఎక్కింది. ఆ తర్వాత మా వాకిట్లో పద్ధతి మారింది. ఎవరు ఏం తెచ్చినా మొదలుతో సహా తేవాలి, తెచ్చిన చోటు చెప్పాలి, దాది ఒకచోట నేనొకచోట చూడాలి, ఇద్దరిలో ఎవరు సందేహపడినా గుంటలో పోయాలి. ఒట్టి సెల్లు మాట మా ఇంట్లో చెల్లదు. ఒట్టి దాది మాటా చెల్లదు, దానికి ముందుగా ఒప్పుకున్నది దాదే.

ప్రాజెక్టులో దాది చేతి ఫొటో పెట్టాను. కింద పెద్దగా రాశాను: 'ఇవి విషం. తినకండి.' రమణ, హైమల సంగతీ రాశాను. కాలేజీ వాళ్లు దాన్ని తమ పేజీలో పెట్టారు. మా తండాలో ఫోనున్న ప్రతివాడూ నలుగురికి పంపాడు. నాకు గర్వంగా ఉండింది, ఎందుకు ఉండదు?

పత్తి మొదటి ఏరుడుకు వచ్చేసరికి దాదికి కంటిపట్టీ తీశారు. నల్లద్దాలు పెట్టుకుని వాకిట్లో కూర్చుని, కనబడ్డ ప్రతిదాన్నీ చూసి మురిసిపోయేది. యాడి జుట్టు నెరిసిందని అప్పుడే తెలిసిందట. ఒక మధ్యాహ్నం ఫోనులో కూడా చూపించమంది. నేను ఆమె చేతి ఫొటో పెట్టి, దీన్ని ఎవరెవరు చూశారో చూద్దామని వెతికాను.

కాలేజీ పేజీ కింద ఇంకోటి వచ్చింది. నాకు తెలియని వంటల పేజీ. బొమ్మ ఒక్కటే ఉంది, నా మాటలు లేవు. బదులుగా ఉన్నది పైకే చదివాను: 'అడవి అవ్వ చేతి రుచి. తప్పక వండుకోండి.' దాని కింద మరొక పేజీ. ఆపైన మూడోది.

"ఏమాయెనే? మొకం గట్ల వెట్టినవ్?" అంటూ దాది ఫోను లాక్కుని, అద్దాల దగ్గరగా పెట్టుకుంది. కొత్తగా వచ్చిన చూపు, అన్నీ స్పష్టంగా కనిపిస్తున్నాయి. కిందికి జరిపింది. ఒకటి చూసింది. రెండోది చూసింది. మూడోదాని దగ్గర ఆగి, తన చేతి గాజులను చూసుకుని, మళ్లీ ఫోనులోకి చూసింది.

"ఇది నా చెయ్యి కదనే" అంది. "నేనెవర్ని పిలుస్తున్న?"